తీతువు పిట్టకు ఒడ్డు ఏదీ?

రాయదుర్గం అనగానే మనవారిలో చాలామందికి అనంతపురం జిల్లాలోని రాయదుర్గం గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయే రాయదుర్గం అది కాదు. హైదరాబాదుకు పడమటి దిక్కున, రెవెన్యూ కాగితాలలో రాయదుర్గ్ పన్‌మక్తా అనే పేరుతో ఉన్నదే, ఆ ఊరు. ఊరు అని అలవాటు కొద్దీ అన్నాను గాని, ఇప్పుడక్కడ ఊరి పోలికలేవీ లేవు. 1998 నవంబరులో పొరుగున మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు గుట్టలు పగులుతూ వచ్చాయి, అద్దాల మేడలు లేస్తూ వచ్చాయి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. ఆ వంతెన కింద ఉన్న నీళ్లే దుర్గం చెరువు.

ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువ మంది వంతెనను చూడడానికి వస్తారు. అందులో తప్పేమీ లేదు. నడి భాగం సుమారు 234 మీటర్లు నీటిలో స్తంభమన్నది లేకుండా తీగల మీద నిలిచిన కట్టడం చూడదగిందే. రాత్రిపూట దానికి రంగుల దీపాలు పెడతారు. నీటి మీద తేలే ఫౌంటెన్లు పాటకు తగినట్లు ఎగురుతాయి. జనం వరుసగా నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నేను వెళ్లేది మాత్రం తెల్లవారుజామున, అయిదున్నర ఆరు మధ్య. కళాశాలకు పోయే లోపల గంటన్నర వ్యవధి దొరుకుతుంది. మెడలో దుర్భిణి వేసుకుని ఒక రాయి మీద కదలకుండా కూర్చుంటాను. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు కొంగజపం. పేరు బాగానే కుదిరిందని ఒప్పుకోక తప్పదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సెలవు రోజులలో తను కూడా వస్తుంది, ఒక నోటు పుస్తకం తెచ్చుకుంటుంది.

చెరువు చుట్టూ ఉన్నది దక్కను రాయి. ఈ గుట్టల రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వెళ్లినట్లుండే ఆ గుండ్ల నడుమ, పక్కనుంచి పోయేవారికి కూడా కనపడకుండా దాగి ఉండేది కాబట్టి ఇంగ్లీషు చదువుకున్న వారు దీనికి సీక్రెట్ లేక్ అని పేరు పెట్టారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన చెరువు ఇదేనని చెప్తారు. ఆ నీళ్లు ఇప్పుడు ఎవరూ తాగరు. ఇప్పుడీ చెరువులో రహస్యం కూడా ఏమీ మిగల్లేదు.

పక్షుల సంగతికి వస్తాను. తెల్లవారేటప్పుడు చెరువు దగ్గర జరిగే పని మన సాఫ్ట్‌వేర్ కంపెనీలలో షిఫ్టు మారినట్లే ఉంటుంది. రాత్రంతా వేటాడిన రాత్రి కొంగలు "వక్, వక్" అంటూ చెట్లకు చేరుతుంటాయి. అదే సమయానికి తెల్లకొంగలు బారులు తీరి పనికి వస్తాయి. నీటికాకులు పొట్ట నీటికి ఆనేటంత కిందుగా ఎగిరి వస్తాయి. నీటికాకి ఈకలు బాతు ఈకల లాగా నీటిని విదిలించుకోలేవు, తడిసిపోతాయి. మునిగి చేపను పట్టడానికి అదొక సదుపాయం. ఆ తరువాత గంట సేపు రాయి మీద రెక్కలు చాచి ఆరబెట్టుకోవాలి, అదొక శిక్ష. గోదారొడ్డున పంచె ఆరేసుకుంటున్న పంతులుగారి లాగా అది నిలబడి ఉంటే మా అమ్మాయికి ఎన్నిసార్లు చూసినా నవ్వే.

నీటి నడుమ బుడుబుంగలు. పిడికెడు ఉంటుంది, బుడుంగుమని మునుగుతుంది, ఎక్కడ తేలుతుందో పందెం కాయవచ్చు. ఆ పక్కనే నల్లటి బొల్లికోళ్లు. నుదుటి మీద తెల్లని మచ్చ ఉన్నందుకు ఆ పేరు. తుంగలో నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేది నీలి బొల్లికోడి. నెమలి కంఠం రంగు ఒళ్లు, ఎర్రటి ముక్కు, ఎర్రటి పొడుగు వేళ్లు, నడిచేటప్పుడు తోక కింద తెల్లగా తళుక్కుమంటుంది. మొదటిసారి చూసినవారు ఎవరో పెంచుకున్న కోడి తప్పించుకు వచ్చిందనుకుంటారు. ఒడ్డున మట్టి రంగులో కలిసిపోయి కూర్చునేది గుడ్డికొంగ. అది గుడ్డిది కాదు. మనిషి అతి దగ్గరకు వచ్చేదాకా కదలదు కనుక దానికి కళ్లు కనపడవని మన పెద్దలు అనుకున్నారు కాబోలు. తీరా ఎగిరితే రెక్కలు రెండూ పాలనురుగు. కూర్చున్నప్పుడు కనపడని పక్షి ఎగిరినప్పుడు తెల్లగా వెలిగిపోతుంది.

లకుముకి పిట్టలు మూడు రకాలు కనపడతాయి. గోధుమరంగు తల, తెల్లని రొమ్ము, నీలం రెక్కలు ఉన్నది అందరికీ తెలిసినది. దానికి చేపలే కావాలని లేదు, మిడతలు, తొండపిల్లలు దొరికినా సరే. చిన్న నీలం లకుముకి నీటి మీదుగా బాణంలా పోతుంది. నలుపు తెలుపు గళ్ల లకుముకి మాత్రం నీటికి పైన ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, గురి చూసి, రాయి పడ్డట్లు పడుతుంది. ఈ మూడవదానిని చూడడానికైనా మీరు ఒకసారి పిల్లలను తీసుకుని రావాలి.

ఇక్కడ పేర్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను తెలుగు మాస్టరును కనుక ఈ బాధ నాకు కొంచెం ఎక్కువ. మా అమ్మాయి ఫోనులో మెర్లిన్ అని ఒక సాధనం ఉన్నది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర ప్రయోగశాల వారు తయారు చేసినది. ఫోను పైకెత్తి పట్టుకుంటే చాలు, కూతను విని పక్షి పేరు ఇంగ్లీషులో చెప్పేస్తుంది. చాలా గొప్ప సాధనమే, నేను దానిని ఆడిపోసుకోను. కాని "బ్లాక్ డ్రాంగో" అని అది చెప్పినప్పుడు, "పసుల పోలిగాడు" అని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా! పశువుల వీపు మీద ఎక్కి తిరుగుతూ, అవి నడిచేటప్పుడు గడ్డిలో నుంచి లేచే పురుగులను పట్టి తింటుంది కనుక ఆ పేరు వచ్చింది. రాయదుర్గంలో ఇప్పుడు పశువులు లేవు. పోలిగాడు తెలివైనవాడు, పార్కులో గడ్డి కోసే యంత్రం వెంట తిరుగుతున్నాడు.

ఈ పేర్లను మన పండితులు పట్టించుకున్నంతకంటె దొరలు ఎక్కువ పట్టించుకున్నారంటే ఆశ్చర్యపడకండి. జెర్డన్ అనే వైద్యుడు మదరాసు సైన్యంలో ఉద్యోగానికి వచ్చి, నెల్లూరులో పని చేసిన రోజులలో యానాదుల దగ్గర అడిగి అడిగి పక్షుల సంగతులు తెలుసుకున్నాడు. 1862కూ 1864కూ మధ్య అచ్చయిన తన పక్షుల గ్రంథంలో ఇంగ్లీషు పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా రాశాడు. మన నిఘంటువులలోనేమో చాలా పిట్టలకు "ఒక జాతి పక్షి" అని అర్థం రాసి వదిలారు. ఇది చదివినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ తరువాత 1930 దశకం తొలి సంవత్సరాలలో సలీం అలీ నిజాం ప్రభుత్వం అండతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను లెక్కించాడు. నేడు మన దగ్గర పక్షులను గురించి ఎవరు రాసినా ఆ పని మీదే నిలబడి రాస్తారు.

అన్ని పిట్టలలోకీ ఈ చెరువు దగ్గర నా మనసును పట్టుకున్నది తీతువు. మన ఇళ్లలో దాని పేరెత్తితేనే పెద్దవాళ్లు "నారాయణ" అంటారు. అర్ధరాత్రి ఇంటి మీదుగా కూస్తూ పోయిందంటే ఏదో కీడు అని భయం. పాపం, అది కూసేది మన కోసం కాదు. సన్నని పసుపు కాళ్లు, నల్లని గొంతు, కంటి ముందు ఎర్రని తోలు, ఎవరైనా తన గుడ్ల దగ్గరకు వస్తున్నారని అనుమానం తోచగానే పగలనక రాత్రనక గగ్గోలు పెడుతుంది. పార్కు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పాలమూరు వైపు మనిషి. ఆయన్ను అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు. "ఊర్కె కూయది సారూ. గుడ్లున్నయ్ గాబట్టి కూస్తది."

సంస్కృతంలో దీనిని టిట్టిభం అంటారు. పంచతంత్రం చదువుకున్నవారికి ఈ పక్షి కథ గుర్తుండే ఉంటుంది. టిట్టిభ దంపతులు సముద్రపు ఒడ్డున కాపురం ఉంటారు. ఆడపక్షి గుడ్లు పెట్టే వేళకు, "ఇక్కడ వద్దు, అలలు వచ్చి పట్టుకుపోతాయి" అంటుంది. మగపక్షి మీసం తిప్పి, సముద్రానికి అంత ధైర్యమా అంటుంది. సముద్రుడు ఆ మాట విని, చూద్దాం దీని ప్రతాపం అని గుడ్లు లాక్కుపోతాడు. అప్పుడు పక్షులన్నీ కలిసి గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకుంటాయి. ఆయన విష్ణువుతో చెప్తాడు. విష్ణువు బాణం ఎక్కుపెట్టేసరికి సముద్రుడు గడగడలాడి గుడ్లు తిరిగి ఇస్తాడు. తరగతిలో ఈ కథ చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంతకీ అది చెట్టు మీద గూడు కట్టుకోవచ్చు కదా?

కట్టుకోదు. తీతువు చెట్టు మీద వాలే పక్షే కాదు. గూడన్నది లేదు. గులకరాళ్ల నేల మీద కొంచెం గుంట చేసి, మార్చి నుంచి ఆగస్టు లోపల, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల మీద మచ్చలు అచ్చం గులకరాళ్ల లాగానే ఉంటాయి. నాలుగు అడుగుల దూరంలో నిలబడి కూడా వాటిని చూడలేము. దాని రక్షణ అంతా ఆ రంగులోనే ఉన్నది.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, నడక బాటకూ ఒక ఖాళీ స్థలం ప్రహరీకీ నడుమ, ఏదో పనికి తెచ్చి మిగిలిపోయిన కంకర దిబ్బ మీద ఒక జంట గుడ్లు పెట్టింది. చూసింది కాపలా పెద్దాయనే. మాకు దూరం నుంచి చూపించాడు. ఏప్రిల్ ఎండ అంటే మీకు తెలుసు, ఆ కంకర మీద చెయ్యి పెట్టలేము. ఆ పక్షి ఏం చేసేదనుకున్నారు? చెరువు దాకా వెళ్లి, పొట్ట మీది ఈకలు నీటిలో బాగా తడుపుకుని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఆ తడితో గుడ్లు చల్లబడతాయి. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని, ఇరవై ఆరు ఇరవై ఎనిమిది రోజుల పాటు ఇదే పని. ఎండవేళ ఒకసారి గొడుగు వేసుకుని గంట సేపు చూశాను. నాలుగు సార్లు నీటికి వెళ్లింది.

పదిహేను రోజులు గడిచాక ఆ బాటకు పలకలు పరచే పని వచ్చింది. ట్రాక్టరు రావాలంటే కంకర దిబ్బ మీదుగానే రావాలి. పనివాళ్లు పాలమూరు, కర్నూలు వైపు వాళ్లు. వాళ్లకు తీతువు కొత్త కాదు. గుడ్ల చుట్టూ నాలుగు పెద్ద రాళ్లు పేర్చి, ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతారు. మేస్త్రీ సణుగుతూనే ట్రాక్టరును పక్కనుంచి మళ్లించాడు. మే మొదటి వారంలో మూడు పిల్లలు బయటికి వచ్చాయి. తీతువు పిల్లలు గూటిలో కూర్చుని నోరు తెరిచే రకం కాదు. ఒళ్లు ఆరగానే కాళ్ల మీద పరుగెత్తుతాయి, తమ తిండి తామే వెతుక్కుంటాయి. వాటికి కావలసింది ఒక్కటే, నీటి అంచున తడి మట్టి, అందులో పురుగులు.

ఆ అంచు ఎక్కడున్నది? చెరువుకు ఆ వైపంతా రాతి గోడ. పెద్ద పక్షి ఎగిరి దిగుతుంది. పుట్టి ఒక రోజైన పిల్ల నిలువు గోడ దిగలేదు, దిగినా ఎక్కలేదు. మూడు పిల్లలూ గోడ పైఅంచు వెంట అటూ ఇటూ పరుగెత్తాయి, తల్లి పైన గిరికీలు కొడుతూ ఒకటే కేకలు. చివరకు వంద గజాల అవతల, వానకు గోడ జారి రాళ్లు కూలిపోయిన చోటు ఒకటి ఉన్నది. పది పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది. అక్కడ మట్టి ఏటవాలుగా నీటిలోకి దిగుతుంది, కాస్త తుంగ మొలిచింది. పిల్లలు అక్కడికి చేరి దిగిపోయాయి. ఆ వేసవి అంతా ఆ పక్షులు ఆ పది అడుగుల మేరలోనే తిరిగాయి. ఉల్లంకి పిట్టలూ గుడ్డికొంగలూ అక్కడే మూగేవి. మరుసటి ఏడు గోడ మరమ్మతు చేశారు. చాలా చక్కగా చేశారు, ఒక్క రాయి కదలదు.

ఇంతకీ నేను చెప్పవచ్చేది ఇది. చెరువంటే నీళ్లు మాత్రమే కాదు, ఒడ్డు కూడా. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. అక్కడ చెరువు మూడు భాగాలు: కట్ట, నీళ్లు, శిఖం. వానలకు చెరువు నిండి మత్తడి దూకినప్పుడు శిఖం భూమి నీటిలో ఉంటుంది. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి నీళ్లు అంగుళం అంగుళం వెనక్కి తగ్గుతుంటే కొత్త బురద బయటపడుతూ ఉంటుంది. రోజుకు ఒక చారెడు కొత్త బురద అంటే పక్షులకు రోజుకొక కొత్త విస్తరి. కాళ్ల పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి, ఒక్కొక్క జాతి ఒక్కొక్క లోతులో తింటుంది. జరిగే ఆ అంచే పక్షుల వంటిల్లు.

నగరం చెరువులో ఈ అంచు రెండు విధాలుగా పోయింది. ఒకటి, గోడ. మట్టి కట్టలో బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టే లకుముకికి సిమెంటులో బొరియ కుదరదు. తుంగ లేనిచోట నీలి బొల్లికోడికి మరుగు లేదు. రెండవది కంటికి కనపడనిది. ఇళ్ల నుంచి మురుగు, శుద్ధి చేసినది కొంతా చేయనిది కొంతా, ఏడాది పొడుగునా చెరువులోకి వస్తూనే ఉంటుంది. అందుచేత మే నెలలో కూడా నీళ్లు తగ్గవు. చూసేవారికి నిండు చెరువు, కనుల పండుగ. బురదలో తినే పక్షికి మాత్రం ఏడాదంతా లంఘనమే.

పక్షులు ఉన్నాయి కనుక నీళ్లు బాగున్నాయని అనుకోవడం కూడా పొరపాటే. మురుగులోని ఎరువుకు గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది. దక్షిణ అమెరికా నుంచి పువ్వు అందం చూసి తెచ్చుకున్న మొక్క అది. దాని మీద కొంగలు, బొల్లికోళ్లు హాయిగా నడుస్తాయి. దాని కింద చేపకు ఊపిరి ఆడదు. నీటిలో నాచు విపరీతంగా పెరిగితే పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. కాబట్టి సరిగ్గా తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువ. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఒకనాటి పొద్దున కొంగలూ నీటికాకులూ గద్దలూ వందల కొద్దీ ఒకే చోట మూగి కనపడితే సంబరపడి ఫొటో తీయకండి. అది పక్షులకు విందు కావచ్చు, చెరువుకు మాత్రం జబ్బు ముదిరిన గుర్తు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల మేర నిర్మాణాలు లేకుండా వదలాలని 2012లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 2024లో హైడ్రా అనే సంస్థను పెట్టారు. దుర్గం చెరువు చుట్టుపక్కల ఇళ్లకు నోటీసులు అంటించడం, జనం ఆందోళన పడడం పత్రికలలో మీరు చదివే ఉంటారు. ఎవరిది న్యాయం అన్నది కోర్టులు తేలుస్తాయి. నేననేది ఇంకొకటి. ఆ 30 మీటర్లనూ అక్షరాలా కాపాడి, అందులో నిలువునా గోడ కట్టి, పలకలు పరచి, దీపాలు పెట్టినా చట్టం ఉల్లంఘించినట్లు కాకపోవచ్చు. తీతువుకు మాత్రం రెండూ ఒకటే. దాని ఫిర్యాదు విని విష్ణువుతో చెప్పే గరుత్మంతుడి కచేరీ ఈ నగరంలో ఎక్కడున్నదో నాకింకా తెలియలేదు.

నడక బాటను నేను తిట్టడం లేదు సుమండీ. ఆ బాట రాకముందు ఇక్కడ చెత్త పోసేవారు, మట్టి పోసి పూడ్చేవారు. ముసలివారు, గర్భిణులు, పిల్లలు నాలుగడుగులు వేయడానికి ఈ పక్క ఇంకొక చోటు లేదు. జనం తిరిగే చెరువును కబ్జా చేయడం కష్టం కూడా. అయితే చుట్టూరా బాట ఎందుకు? మూడు వైపులు మనకు ఉంచుకుని, నాలుగో వైపు గుండ్లూ తుంగా మట్టీ ఉన్నది ఉన్నట్లు వదిలితే సరిపోతుంది. అక్కడ దీపాలు వద్దు, పాటలు వద్దు. గుర్రపుడెక్క తీసేటప్పుడు కూడా యంత్రంతో అంచు దాకా గోకేయకుండా తుంగను వదిలి తీయవచ్చు. ఖర్చు పెరిగే పని కాదు, తగ్గే పని.

పటాన్‌చెరు వైపు అమీన్‌పూర్ చెరువును చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగరపు చెరువుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అక్కడా చుట్టూ ఇళ్లు ముసురుకుంటున్నాయి, కాని ఒడ్డు ఇంకా చాలా మేర ఒడ్డుగానే ఉన్నది. చలికాలంలో రాజహంసలని మనం పిలుచుకునే ఫ్లెమింగోలు సహితం అక్కడ దిగుతాయి. దుర్గం చెరువు లోతైనది, ఫ్లెమింగోలు రావాలని నేను కోరను. లోతు నీటికి బుడుబుంగలు చాలు.

నీటి పక్షులనే చూస్తే సగమే చూసినట్లు. గుట్టల వైపు నడిస్తే గుండ్ల మీద ఎర్రతల తొండలు తలలు ఊపుతుంటాయి. ముంగిస ఒకటి రోజూ ఒకే వేళకు ఒకే దారిన పోతుంది. దాని క్రమశిక్షణ మా విద్యార్థులకు ఉంటే బాగుండును. ఖాజాగూడ పక్క తీగల మీద పాలపిట్ట కనపడిన రోజు మంచి రోజు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు దానిని చూడాలని మన ఆచారం. ఆ పుణ్యం కోసం పట్టి పంజరంలో పెట్టి, రెక్కలు కట్టి చూపించి డబ్బులు అడిగేవారిని ప్రోత్సహించకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఎగిరేటప్పుడే దాని నీలిరెక్కల అందం. ఈ గుట్టల, పొదల పక్షులకు ఇంకా మిగిలిన పెద్ద ఆసరా కొద్ది కిలోమీటర్ల దూరంలోని కంచ గచ్చిబౌలి. 2025లో అక్కడ చెట్లు కొట్టడం మొదలైనప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ రోజుల్లో రాత్రిపూట నెమళ్లు అరిచిన అరుపులు ఫోనులో విని మా ఆవిడ అన్నం సహించలేదన్నది. నా కొంగజపాన్ని అప్పటి నుంచి కొంచెం తక్కువగా ఎగతాళి చేస్తున్నది.

వానలు తగ్గుముఖం పట్టాక సాయంత్రాలు చెరువు మీద తూనీగల గుంపులు లేస్తాయి. పసుపు రంగు తూనీగ. పిల్లలు తోకకు దారం కట్టి ఆడుకునేదే. ఇవి అక్టోబరు, నవంబరు ప్రాంతంలో ఈశాన్యపు గాలిని పట్టుకుని, మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరతాయని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. ఒక గ్రాము తూగని ప్రాణి! దారం కట్టబోతున్న కుర్రాడికి ఈ సంగతి చెప్పి చూడండి. నేను చెప్పాను, వదిలేశాడు.

పిల్లలతో రాదలచుకున్నవారికి నాలుగు మాటలు. దుర్భిణి మీద 8×42 అని ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. అంతకంటె ఎక్కువ రెట్లది కొంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పక్షులకు రొట్టెముక్కలు వేయకండి. ఫోనులో కూత వినిపించి పక్షిని పిలవకండి, గుడ్ల వేళ అసలే వద్దు. తీతువు తల మీదుగా వచ్చి అరిచిందంటే మీరు నిలబడిన చోట ఎక్కడో గుడ్లున్నాయన్నమాట. కింద చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా ఇంటి చుట్టుపక్కల పక్షులను లెక్కించి నమోదు చేస్తారు. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటున్నది. పావుగంట చూసి రాసినా లెక్కలోకి వస్తుంది. మేడ మీద నుంచి చూసినా సరే.

ఇక కాటుకపిట్టలు. ప్రబంధకవులు ఖంజరీటాలని నాయిక కళ్లతో పోల్చినవి ఇవే. తోక పైకీ కిందికీ ఆడిస్తూ గోడ అంచున పరుగెత్తే ఆ పిట్టలను చూస్తే పోలిక ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది, ఒక్క క్షణం నిలకడ లేదు. వాటిలో కొన్ని జాతులు చలికాలం గడపడానికి హిమాలయాల నుంచి, అంతకు ఆవల నుంచి వస్తాయి. గోడ ఉన్నా, పలకలున్నా సర్దుకుని నాలుగు పురుగులు ఏరుకుంటాయి. మా అమ్మాయి నోటు పుస్తకంలో నిరుడు మొదటి కాటుకపిట్ట సెప్టెంబరు 21న, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, వంతెనకు ఎడమ పక్కన అని రాసి ఉన్నది. ఏప్రిల్ రెండో వారం తరువాత ఆ పేజీలలో దాని పేరు లేదు. ఆ కింద, మరమ్మతు చేసిన గోడ దగ్గర తీతువులు రెండు, పిల్లలు లేవు అని ఉన్నది.